చూసి గీద్దాం

సౌదీ అరేబియా అనగానే మనకు ఇసుక, ఒంటె గుర్తుకు వస్తాయి. కాని ఆ దేశంలో అడవి కూడా ఉన్నది. అది నైరుతి మూలన, ఎర్ర సముద్రానికి దగ్గరగా, అసీర్ కొండల మీద ఉన్నది. అక్కడి పెద్ద పట్టణం అబ్హా. దాని దగ్గరి సౌదా కొండ ఎత్తు సుమారు 3,000 మీటర్లు. సముద్రం మీది తేమగాలి కొండ ఎక్కి పొగమంచు అవుతుంది. ఆ మంచుతో, వానతో జూనిపర్ చెట్లు పెరుగుతాయి. వాటిని అరబ్బీలో 'అర్‌అర్' అంటారు.

అసీర్ స్త్రీలు ఇంటి లోపలి గోడలమీద ముగ్గులవంటి రంగుల బొమ్మలు వేస్తారు. ఈ కళను 2017లో యునెస్కో తన పట్టికలో చేర్చింది. ఆ బొమ్మలు తల్లి నుండి కూతురు నేర్చుకుంటుంది. అడవి బొమ్మను మాత్రం అడవే నేర్పాలి.

పూర్వం రంగులు మోసుకొని పోవడం కష్టం. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగులకు తగరపు గొట్టం కనిపెట్టాడు. అప్పటినుండి చిత్రకారులు ఆరుబయట బొమ్మలు వేయడం సులువయింది.

పిల్లలూ! మనం అసీర్ అడవిలో కూర్చున్నామనుకోండి. ముందు రంగు ముట్టుకోవద్దు. చూడండి. దగ్గరి చెట్టు ముదురు ఆకుపచ్చ. దూరపు చెట్లు నీలంగా ఉన్నాయి. మంచు వచ్చింది. కొండ కనబడలేదు. కనబడని కొండను గీయవద్దు. ఎండ కదిలితే నీడ కూడా కదులుతుంది. కాబట్టి నీడలను ముందే గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు ఒక చెట్టు కొన చూడండి. అది పచ్చగా లేదు. ఎండిపోయింది! అసీర్‌లో చాలా జూనిపర్ చెట్లు ఇట్లా పైనుండి ఎండుతున్నాయి. వానలు తగ్గడం, వేడి పెరగడం ఇందుకు కారణాలని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఇంట్లో కూర్చొని గీస్తే మనం ఆ కొనకు ఆకుపచ్చ రంగు వేస్తాము. బొమ్మ అందంగానే ఉంటుంది. కాని చెట్టు జబ్బు ఎవరికీ తెలియదు. ఉన్నది ఉన్నట్టు గీస్తే, చూసినవారు చెట్టును గురించి అడుగుతారు.

మన మారిషస్ సముద్రపు ఒడ్డున ఫిలావో చెట్లు ఉన్నాయి. ఫిలావోను తెలుగులో సరుగుడు అంటారు. ఈ ఆదివారం ఒక సరుగుడు చెట్టు ముందు కూర్చోండి. విరిగిన కొమ్మ ఉంటే విరిగినట్టే గీయండి.

కొత్త మాటలు
నైరుతి – దక్షిణానికి, పడమరకు మధ్య దిక్కు
తేమ – తడి
ఆరుబయట – ఇంటి వెలుపల
కొన – చివర

ప్రశ్నలు
1. అసీర్ అడవికి తేమ ఎక్కడినుండి వస్తుంది?
2. దూరపు చెట్లు ఏ రంగులో కనబడతాయి?
3. ఎండిన కొనకు ఆకుపచ్చ రంగు ఎందుకు వేయకూడదు?
4. మీరు చూసి గీసిన చెట్టును గురించి ఐదు వాక్యాలు రాయండి.