‘కొడల’లో అక్షరాలు ఎన్ని?

మా ఊరి పేరు కొడల. అందులో అక్షరాలు ఎన్ని అని ఒకటో తరగతి పిల్లని అడిగినా మూడు అని చెబుతుంది. వికీపీడియా వెనకాల నడిచే ఒక చిన్న ప్రోగ్రాముని అడిగితే పన్నెండు అంటుంది. అదే ప్రోగ్రాముని ఇంకో రకంగా అడిగితే నాలుగు అంటుంది. మూడు జవాబులూ నిజమే. ఏ జవాబు ఎక్కడ కావాలో తెలియకపోవడం వల్లే తెలుగు పేజీల్లో సగం గందరగోళం పుడుతోంది. ఈ పాఠం దాని గురించే.

మన డిపార్ట్‌మెంట్ వాళ్ళం గంజాం తెలుగు మాటలు సేకరిస్తున్నాం కదా, ఆ నోటుపుస్తకాల్ని అకారాది క్రమంలో ఒక పేజీగా చెయ్యాలని కూర్చున్నప్పుడు ఈ విషయాలన్నీ ఒక్కొక్కటీ ఎదురయ్యాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇక్కడి తెలుగు అప్పటినుంచి ఒడియా పక్కనే కూర్చుని మాట్లాడుతోంది. మా ఇంట్లో చద్దన్నం అనేవాళ్ళూ ఉన్నారు, పఖాళ అనేవాళ్ళూ ఉన్నారు. ఈ మాటలు తెలిసిన పెద్దవాళ్ళు ఇంకెన్నాళ్ళు చెబుతారో తెలియదు. అందుకే జాబితా తెరమీద డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే నవ్వుకుని వదిలేసే సంగతి కాదు.

ముందు మాడ్యూల్ అంటే ఏమిటో చెప్పాలి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. (ఒడియా వికీపీడియా అంతకన్నా ముందే, 2002 జూన్‌లో.) చాలాకాలం వరకు అందులో పేజీలకు అచ్చులాగా వాడే ‘మూస’లు మాత్రమే ఉండేవి. మూసలో ‘ఇది ఉంటే అది చూపించు’ లాంటి లెక్కలు ఒకదానిలో ఒకటి దూర్చి రాసేవారు. చదవడం కష్టం, పేజీ తెరుచుకోవడం ఇంకా నిదానం. 2013లో వికీపీడియాలన్నిటికీ స్క్రిబుంటో అనే పొడిగింపు వచ్చింది. ఆ పేరు లాటిన్ మాట, ‘వాళ్ళు రాయాలి’ అని అర్థం. సంస్కృతం పేపరులో లోట్ లకారం చదివేవాళ్ళకి ఇలాంటి క్రియారూపం కొత్తేమీ కాదు. స్క్రిబుంటో వచ్చాక లెక్కలన్నీ లువా అనే స్క్రిప్టు భాషలో రాసి, ‘మాడ్యూల్’ అనే పేరుతో మొదలయ్యే పేజీల్లో పెట్టడం మొదలైంది. లువా 1993లో బ్రెజిల్‌లోని రియో కేథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. పోర్చుగీసులో లువా అంటే చంద్రుడు.

ఈ మాడ్యూల్ మన ఫోనులో నడవదు. సర్వర్‌లో నడిచి, తయారైన పేజీని మనకి పంపిస్తుంది. కాబట్టి అక్షరాలు చెడితే ఫోను మార్చినా ఫాంటు మార్చినా ఫలితం ఉండదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ‘తెలుగు సపోర్టు లేదు’ అని తీర్పు చెప్పి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటారు. ఆ తీర్పు నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తెలుగుకి చోటు ఉంది. ఆ చోటు ఎలా కొలవాలో మాడ్యూల్ రాసినవాళ్ళు పట్టించుకోలేదు, అంతే.

ఇప్పుడు పన్నెండు సంగతి. కంప్యూటర్ దాచుకునేది బైట్లు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు గుర్తుకీ ఒక సంఖ్య ఉంది: క 3093, ఒత్వం ( ొ ) 3146, డ 3105, ల 3122. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది. కొడలలో నాలుగు గుర్తులు, నాలుగు మూళ్ళు పన్నెండు. ‘శ్రీ’ చూడండి, మనకి ఒకటే అక్షరం, లోపల శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. అంటే మా ఊరూ ‘శ్రీ’ కూడా యంత్రానికి ఒకే పొడవు.

లువాలో పుట్టుకతో వచ్చిన స్ట్రింగ్ పనిముట్లు బైట్లనే లెక్కపెడతాయి. (కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు ఈ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ మన లిపిలో రాస్తున్నాను.) జాబితాకి శీర్షిక కోసం ప్రతి మాటలో మొదటి అక్షరం తియ్యమని ‘స్ట్రింగ్ సబ్’ని అడిగితే, అది క లోంచి మూడో వంతు కోసి ఇస్తుంది. ఆ ముక్కకి ఏ భాషలోనూ అర్థం లేదు, అందుకే నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒకటే బైటు కాబట్టి, ఇంగ్లీషు వికీలో ఇదే మాడ్యూల్ ఏళ్ళతరబడి బాగానే నడిచి ఉంటుంది. అక్కణ్ణుంచి తెచ్చిన మాడ్యూల్ ఇక్కడ చెడిందంటే మొదట చూడాల్సింది ఇదే. విరుగుడు తేలిక: ‘స్ట్రింగ్’ అన్నచోట ‘ఎండబ్ల్యూ యూస్ట్రింగ్’ అని మార్చాలి. అది గుర్తుల్ని లెక్కపెడుతుంది.

కానీ అక్కడితో అయిపోలేదు. యూస్ట్రింగ్‌ని కొడలలో మొదటిది అడిగితే ‘క’ ఇస్తుంది, ‘కొ’ ఇవ్వదు. జాబితా శీర్షికకి క చాలు. మాటల్ని అక్షరాలుగా విడగొట్టే ఆటకో, పాఠానికో అయితే చాలదు. వెనకాల వచ్చే గుణింతపు గుర్తుల్నీ, పొల్లు తరవాత వచ్చే హల్లునీ కలిపి పట్టుకోమని విడిగా చెప్పాలి. ఇంకొక చిక్కు: ‘అక్షరాలన్నీ పట్టు’ అనడానికి వాడే గుర్తు, శాతం గుర్తు పక్కన చిన్న ఏ, యూస్ట్రింగ్‌లో హల్లుల్నీ అచ్చుల్నీ మాత్రమే పడుతుంది. యూనికోడ్ దృష్టిలో గుణింతపు గుర్తులు అక్షరాలు కావు, అక్షరాలకి తగిలించిన గుర్తులు. మన వ్యాకరణం ప్రకారం చూస్తే అదీ అన్యాయమేమీ కాదు లెండి. కానీ ఆ సంగతి తెలియకపోతే కొడల అని వెతికితే క ఒక్కటే చేతికొచ్చి గంటలు పోతాయి.

అకారాది క్రమం దగ్గర నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగింది. ‘కళ్ళం’, ‘కవ్వం’ ఇచ్చి వరస పెట్టమంటే మాడ్యూల్ కళ్ళం ముందు పెట్టింది. మనం బట్టీపట్టిన వర్ణమాల య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. అందులో వ ముందు, ళ చాలా వెనక. యూనికోడ్‌లో ళ 3123, వ 3125. ర పక్కనే ఱ, ల పక్కనే ళ కూర్చున్నాయి. ఎందుకంటే యూనికోడ్ వాళ్ళు 1988 నాటి ఇస్కీ అనే భారతీయ ప్రమాణాన్ని చూసి ఈ గదులు కట్టారు. మన లిపులన్నిటికీ ఒకే ప్లాను, ఒక ఇంటి తరవాత ఇంకో ఇల్లు.

ఆ ప్లాను ఎంత ఒకటంటే, తెలుగు క 3093, ఒడియా క 2837. తేడా 256. డ కి డ, ల కి ల, తేడా అంతే. రెండు లిపులూ ఇంట్లో చదివే నాకు ఇది చూసి భలే అనిపించింది. 256 తీసేస్తే తెలుగు ఒడియా అయిపోవాలి! కొడల మీద ప్రయత్నిస్తే అవ్వదు. ఒడియాలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు, వాటి గదులు ఖాళీ. ొ లోంచి 256 తీస్తే 2890 వస్తుంది, ఆ గదిలో ఎవరూ లేరు. లిపి మార్చే మాడ్యూల్ ఏదైనా ఒడియా వైపు ఖాళీ డబ్బా చూపిస్తే కారణం ఇదే అయి ఉంటుంది. పొట్టి ఎ, ఒ లను పొడుగు ఏ, ఓ లుగా ముందే మార్చుకోవాలి. మన ఒడియా స్నేహితురాళ్ళు ‘ఎక్కడ’ని ‘ఏక్కడ’ అనడానికీ దీనికీ మూలం ఒకటే.

వరసకి మందు ఏమిటంటే మన వర్ణమాలని ఒక పట్టికగా రాసి, పోల్చేటప్పుడు యూనికోడ్ సంఖ్య బదులు ఆ పట్టికలోని స్థానం చూడమనాలి. క్షని ముందే ఒకే గుర్తుగా మార్చుకోవాలి, లేకపోతే అది క కింద చేరిపోతుంది. గుణింతాల వరస యంత్రానిదీ మనదీ దాదాపు ఒకటే, ఒక్క సున్నా తప్ప. మనకి కం చివర, దానికి మొట్టమొదట. పట్టికలో సున్నా ఎక్కడ పెట్టాలో మనమే తేల్చుకోవాలి, అది తెలుగు ప్రశ్న, కంప్యూటర్ ప్రశ్న కాదు. పోల్చే పనిలో ‘చిన్నది’ అని మాత్రమే అడగాలి, ‘చిన్నది లేదా సమానం’ అని అడగకూడదు. పఖాళ రెండు నోటుపుస్తకాల్లోంచీ వచ్చి రెండుసార్లు ఉందనుకోండి, ‘సమానం’ అన్న మాటవల్ల లువా తికమకపడి, వరస పెట్టే సూత్రం చెల్లదంటూ ఆగిపోవచ్చు.

అంకెలూ ఇలాగే. మాట చెప్పినవాళ్ళ వయసు రాసే గడిలో కొందరు ఒడియా అంకెలు వేశారు. మా ఇంట్లోనూ పాల లెక్క ఒడియా అంకెల్లోనే. లువాలో ‘టూనంబర్’కి 0 నుంచి 9 వరకు ఉన్న మామూలు అంకెలే తెలుసు. ౭౦ ఇచ్చినా ఒడియా డెబ్భై ఇచ్చినా ‘నిల్’ అంటుంది, అంటే ఏమీ లేదని. ఏమీ లేనిదానితో కూడిక చెయ్యబోతే ఎర్ర అక్షరాలు. అంకెల్ని ముందు మార్చి తరవాత లెక్కకి ఇవ్వాలి.

ఎర్ర అక్షరాల్ని చూసి భయపడక్కర్లేదు. వాటి మీద నొక్కితే ఏ మాడ్యూల్, ఎన్నో లైను అని చెబుతుంది. చాలాసార్లు అది చెప్పిన లైనులో తప్పు ఉండదు, దానికి సరుకు పంపిన లైనులో ఉంటుంది. అందుకని జాబితాలో కిందికి చదువుతూ పోవాలి. ‘మాడ్యూల్ నిల్ ఇచ్చింది’ అంటే చివర ‘రిటర్న్’ లైను మరిచారన్నమాట. అన్నిటికన్నా మోసం చేసేది ఎర్ర అక్షరాలు రాని తప్పు. గడి ఖాళీగా వదిలితే మాడ్యూల్‌కి చేరేది నిల్ కాదు, ఖాళీ మాట. లువా లెక్కలో ఖాళీ మాట కూడా ‘ఉన్నట్టే’. కాబట్టి ‘లేకపోతే కొడల అని చూపించు’ అని రాసినా ఏమీ చూపించదు. ఇంకోటి, ‘బరంపూర్‌లో’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి కంటికి కనిపించని గుర్తు ఒకటి, సంఖ్య 8204, ఉంటుంది. ఒకరు అది కొట్టి ఇంకొకరు కొట్టకపోతే చూపుకి ఒకేలా ఉన్న మాటలు కూడా యంత్రానికి వేరు. పోల్చేముందు తీసెయ్యడమే మేలు.

పరీక్షించడానికి భద్రపరచక్కర్లేదు. మాడ్యూల్ దిద్దే పేజీ అడుగున డీబగ్ కన్సోల్ ఉంటుంది. అక్కడ ఒక్కొక్క మాట ఇచ్చి గుర్తులు ఎన్నో, బైట్లు ఎన్నో అడగొచ్చు. నేను కొత్త మాడ్యూల్ ఏది చూసినా మొదట ఇచ్చే మాటలు నాలుగు: కొడల, శ్రీ, పఖాళ, ఒక ఖాళీ మాట. భద్రపరిచాక కూడా పాత తప్పే కనిపిస్తే సర్వర్ దాచుకున్న పాత ప్రతి చూస్తున్నారన్నమాట, పేజీని పర్జ్ చెయ్యాలి. ఒక పేజీలో ఉన్న లువా అంతటికీ కలిపి 10 సెకన్లే గడువు. మన మాటల జాబితాకి అందులో పిసరంత కూడా పట్టదు.

ళ, ఱ, క్ష ల వరస ఇప్పుడు కుదిరింది. సున్నా ముందా చివరా అన్నది మాత్రం రెండో సంవత్సరం వాళ్ళం ఒకమాట మీదకి రాలేదు. మీ అభిప్రాయం కాగితం మీద రాసి ఈ బోర్డు కింద ఉన్న డబ్బాలో వెయ్యండి. కంచం, కడవ, కాకి, ఈ మూడూ మీరు పెట్టే వరసలో రాస్తే చాలు.