మొదటి ముక్క వేసేముందు

సంక్రాంతికి కోస్తా ఊళ్ళలో, జన్మాష్టమికి గుజరాత్‌లో పేక కట్టలు బయటికొస్తాయి. తెలంగాణ నుంచి మగ్గాల పనికని సూరత్ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు రెండు పండగల పేకా తెలిసిందే. పేక అనగానే పోగొట్టుకున్న డబ్బు గుర్తొచ్చే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ భయం న్యాయమైనదే. కానీ అవే యాభై రెండు ముక్కలతో, పైసా పందెం లేకుండా, నిర్ణయం ఎలా తీసుకోవాలో నేర్పే ఆట ఒకటుంది. అది బ్రిడ్జ్. 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా తేల్చింది. అప్పుడు పోలికగా తెచ్చుకున్నది బ్రిడ్జ్‌నే. మూడుముక్కలాటను మాత్రం ఆ వరసలో చేర్చలేదు.

ఒక ఆటను మొదటి నుంచి ఆలోచిద్దాం. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. మనిషికి పదమూడు ముక్కలు. నలుగురూ తలా ఒకటి వేస్తే ఒక ట్రిక్కు. మా జట్టు ఇన్ని ట్రిక్కులు గెలుస్తుందని ముందే మాటిచ్చేదే బిడ్డింగ్.

మీ చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, 4. ఆఠీను ఆసు, 6, 3. డైమన్ 9, 6, 4. కళావరు రాజు, రాణి, 8, 4 ఉన్నాయి. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కేస్తే 16 పాయింట్లు. మీరు 'ఒక నో ట్రంప్' అంటారు. నా దగ్గర 15 నుంచి 17 దాకా ఉన్నాయి, అన్ని రంగులూ సమంగా ఉన్నాయి అని ఆ ఒక్క మాటలోనే చెప్పేశారు. ఎదుట కూర్చున్న భాగస్వామి తన 13 పాయింట్లు చూసుకుని 'మూడు నో ట్రంప్' అంటాడు. అంటే తురుపు లేకుండా తొమ్మిది ట్రిక్కులు. మిగిలిన ఇద్దరూ నోరు విప్పలేదు. మొత్తం 40లో వాళ్ళిద్దరికీ కలిపి మిగిలేది పదకొండే.

ఎడమవైపు ప్రత్యర్థి ఆఠీను 7 వేశాడు. భాగస్వామి తన ముక్కలు బల్ల మీద పరిచాడు: ఇస్పేటు రాణి, 7, 5, ఆఠీను 8, 4, డైమన్ ఆసు, రాణి, జాకీ, 10, 5, కళావరు ఆసు, 7, 3. ఇక ఆడేది మీరొక్కరే. అక్కణ్ణుంచి 4 వేయించారు. కుడివైపు నుంచి ఆఠీను రాణి పడింది. మీ దగ్గర ఆసు ఉంది. దాని మీదికి చెయ్యి తనంతట తానే పోతుంది.

ఆట గెలవడం, ఓడటం ఇక్కడే తేలుతుంది. మంచి ఆటగాళ్ళు బల్ల మీద ముక్కలు పరిచిన క్షణంలోనే ఆగిపోతారు. ఏం వెయ్యాలో కళ్ళకు కనబడుతున్నా సరే, ఒక్క ముక్క కూడా కదపకుండా లెక్క చూసుకుంటారు. ఇస్పేటులో మూడు, కళావరులో మూడు, ఆఠీనులో ఒకటి, డైమన్‌లో ఒకటి. ఖాయంగా వచ్చేవి ఎనిమిది. తొమ్మిదోది డైమన్‌లోంచి రావాలి. అక్కడ లేనిది రాజు ఒక్కటే. అది ఎడమవైపు ఉంటే దొరికిపోతుంది, కుడివైపు ఉంటే మనకొక ట్రిక్కు పోతుంది. సగం సగం అవకాశం. దాన్ని మార్చడం మన వల్ల కాదు.

రాజుతో గెలిచాక కుడివైపు ఆటగాడు ఏం చేయగలడన్నది మాత్రం మన చేతిలో ఉంది. మొదటి ట్రిక్కులోనే ఆసు వేసేస్తే, అతను మళ్ళీ ఆఠీను వేస్తాడు. ఎడమవైపు ఆ రంగు అయిదు ముక్కలుంటే నాలుగు ట్రిక్కులు వరసగా పోతాయి. రాజుతో కలిపి అయిదు. ఇచ్చిన మాట పోయింది. అదే ఆసును రెండుసార్లు దాచి మూడోసారి వేస్తే, ఆఠీనులు అయిదు-మూడుగా పంచుకుని ఉన్నప్పుడు కుడివైపు ఇక ఆ రంగే ఉండదు. నాలుగేసి ఉంటే మూడు ఆఠీన్లు, ఒక రాజు పోయి, తొమ్మిది మనకే మిగులుతాయి.

ఈ లెక్క బల్ల బయటా పనికొస్తుంది. సూరత్‌లోని ఖటోదరాలో నాలుగు మగ్గాలు నడిపే కుటుంబానికి ఒక పెద్ద ఆర్డరు వచ్చిందనుకోండి. అదే వారం పాత మగ్గం ఒకటి అమ్మకానికి వచ్చింది. చేతిలో కూడబెట్టిన డబ్బుంది. కొనేద్దాం అనిపిస్తుంది. బట్టల వ్యాపారంలో ఉద్దెర మామూలే. డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో మనం శాసించలేం. అది ఆలస్యమైతే యార్న్ ఇచ్చినవాడికి, కార్మికులకు ఏమిస్తామన్నది మాత్రం ఇవాళే చూసుకోగలం. మగ్గం కొనొద్దని కాదు. దాచిన డబ్బు ఆ ఇంటి ఆసు. అది ఎప్పుడు బయటికి తీయాలన్నదే ప్రశ్న. పిల్లల చదువుకి, ఉద్యోగం మారడానికి, ఊళ్ళో స్థలం కొనడానికి కూడా నేనైతే ఇదే లెక్క వేయమంటాను. ఖాయమైనవెన్ని, కావలసినవెన్ని, అనుకున్నది జరగకపోతే దెబ్బ ఎటునుంచి వస్తుంది?

ఈ నిదానం వయసుతో తరిగిపోదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్‌ను తొలిసారి చేర్చినప్పుడు పురుషుల జంటల్లో స్వర్ణం గెలిచిన మన ప్రణబ్ బర్ధన్‌కు 60 ఏళ్ళు, శిబ్‌నాథ్ సర్కార్‌కు 56.

అన్నిటికన్నా కష్టమైనది ఆట అయ్యాక వస్తుంది. జట్ల పోటీల్లో అవే ముక్కలు ఇంకో బల్ల మీద కూడా ఆడిస్తారు. అక్కడ కూర్చున్నవాడు తొందరపడి మొదటి ట్రిక్కులోనే ఆసు వేశాడు. డైమన్ రాజు ఎడమవైపే ఉంది. అతనికి పన్నెండు ట్రిక్కులు వచ్చాయి, మీకు పదకొండు. అది చూసి రేపటి నుంచి మీరూ ఆసు ముందే వేస్తారా? ఆ అదనపు ట్రిక్కుకు వచ్చేవి 30 పాయింట్లు. రాజు కుడివైపు ఉన్న రోజున అదే ఆటకు పోయేవి 400 పైచిలుకు.