కోట రాళ్ల వయసెంత?

ఇక్కడ కోట అంటే గోల్కొండ లాంటిది కాదు, ఒక ఊరి పేరు. ప్రాణహిత నది కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది కదా, అక్కడ అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా. తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్న ప్రాంతం. ఆ తాలూకాలో ప్రాణహిత పక్కనే ఉన్న చిన్న ఊరు కోట. ప్రపంచంలో ఎక్కడ డైనోసార్ల తొలి రోజుల గురించి పుస్తకం రాసినా ఈ ఊరి పేరు రావాల్సిందే. ఇక్కడి రాళ్ల పొరల్ని జియాలజిస్టులు కోట ఫార్మేషన్ అంటారు.

ఫార్మేషన్ అంటే ఒకే తరహా రాళ్లున్న, మ్యాపు మీద గీత గీసి చూపించగలిగిన పొరల కట్ట. దాన్ని బాగా కనిపించిన ఊరి పేరుతో పిలవడం ఆనవాయితీ. అందుకే ప్రాణహిత-గోదావరి లోయ పొరల పేర్లు చదువుతుంటే ఆదిలాబాద్ వైపు పోయే పల్లెవెలుగు బస్సు బోర్డు చదివినట్టుంటుంది: ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోట. కింది నుంచి పైకి ఇదే వరుస, అంటే పాతవాటి నుంచి కొత్తవాటికి. ఎర్రపల్లి పొర పేరుకి తగ్గట్టే ఎర్ర మట్టిరాయి. వీటన్నిటికీ ఇంకా అడుగున సింగరేణి బొగ్గు ఉంది. అది గ్లోసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్ల నుంచి తయారైంది. అవి పెర్మియన్ కాలానివి, అంటే 25 కోట్ల ఏళ్లకి పైమాటే.

కోట పొరని స్థూలంగా రెండు భాగాలుగా చూడొచ్చు. కింద ఇసుకరాయి, మధ్యమధ్యలో మట్టిరాయి: ఇది నది పని. ఆ పైన సున్నపురాయి పలకలు: ఇది సరస్సు అడుగు. సున్నపురాయి పైన మళ్లీ మట్టి, మళ్లీ ఇసుక. అంటే ఒక నదీ మైదానం కొంతకాలం చెరువులతో నిండి, తర్వాత మళ్లీ నదికే వెళ్లిపోయిందన్నమాట. చేపలు ఆ సున్నపురాయి పలకల్లో దొరుకుతాయి. పెద్ద ఎముకలు, చెట్ల మానులు ఎక్కువగా కింది పొరల్లో ఉంటాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముందు చేపల సంగతి. 1850ల మొదట్లోనే ఇవి లండన్ చేరాయి. ఫిలిప్ ఎగర్టన్ అనే చేపల శిలాజాల నిపుణుడు వాటిని వర్ణించాడు. అందులో ముఖ్యమైనది లెపిడోటిస్ డెక్కనెన్సిస్, మన దక్కన్ పేరు పెట్టుకున్న చేప. ఎగర్టన్ పేరు మీదే ఇంకో చేప ఉంది, పారాడెపీడియం ఎగర్టోని. దీని ఒళ్లు గుండ్రంగా, పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది. చందువా చేపని ఊహించుకుంటే ఆకారం వరకు దగ్గరగా వస్తుంది, చుట్టరికం మాత్రం లేదు. ఈ చేపలు ఇంత బాగా నిలవడానికి కారణం పొలుసులు. మనం కూరకి గీకి పారేసే పల్చటి పొలుసులు కావవి. ఎముక మీద ఎనామిల్ లాంటి మెరిసే పూత ఉన్న, డైమండ్ ఆకారపు గట్టి పలకలు. ఒకదానికొకటి కొక్కెం వేసుకుని కవచంలా ఉంటాయి. ఉత్తర అమెరికా నదుల్లో ఉండే గార్ చేపలకి ఇప్పటికీ అలాంటి పొలుసులున్నాయి. లెపిడోటిస్ వాటికి దూరపు బంధువు.

కోటలో సీలకాంత్ కూడా దొరికింది. 1974లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన ఎస్.ఎల్. జైన్ దానికి ఇండోసీలకాంథస్ అని పేరు పెట్టారు. సీలకాంత్‌లు ఎప్పుడో అంతరించాయని అందరూ అనుకుంటుండగా 1938లో దక్షిణాఫ్రికా తీరంలో ఒకటి వలలో పడిన కథ మీరు వినే ఉంటారు. మన లోయకి అలాంటిదే ఇంకో కథ ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. కోట కంటే పాతదైన మాలేరి పొరలో ఊపిరితిత్తుల చేప పళ్లు దొరుకుతాయి. గట్లు గట్లుగా ఉండే పంటి పలకలు. ఒంట్లో ఎక్కువ భాగం మృదులాస్థి కాబట్టి మిగతాది కుళ్లిపోయి పళ్లే మిగులుతాయి. థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వీటిని సెరటోడస్ అనే జాతి కింద వర్ణించాడు. అప్పటికి ఆ పళ్లున్న చేపని బతికుండగా సైన్సు చూడలేదు. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన ఒక చేప నోరు తెరిచి చూసిన గెరార్డ్ క్రెఫ్ట్, ఆ పళ్లని గుర్తుపట్టి దానికీ సెరటోడస్ అనే పేరు పెట్టాడు. పళ్లకి ముందు పేరొచ్చింది, చేప తర్వాత వచ్చింది!

మొక్కల వైపు చూస్తే, కోటలో పూల మొక్కలు లేవు, గడ్డి లేదు. రాజ్యమంతా కోనిఫర్లది, అంటే పైన్, అరకేరియా వర్గం చెట్లది. రాయిగా మారిన మానులు సిరోంచ ప్రాంతంలో ఇప్పటికీ నేల మీద కనిపిస్తాయి, వడధం దగ్గర ఫాసిల్ పార్కు కూడా ఉంది. పుప్పొడిలో క్లాసోపాలిస్ అనే రకం దొరుకుతుంది, పూర్తిగా అంతరించిపోయిన ఒక కోనిఫర్ కుటుంబానిది. చెట్టు పోయింది, కుటుంబం పోయింది, మైక్రోస్కోపులో తప్ప కనిపించని పుప్పొడి నిలిచింది.

ఇక అసలు గొడవ: ఈ రాళ్ల వయసెంత?

రేడియోమెట్రిక్ డేటింగ్ ఉంది కదా అంటారు మన బ్రాంచి వాళ్లు. అది అగ్నిపర్వతపు బూడిద పొర ఉంటే బాగా పనిచేస్తుంది. ఇసుకరాయిలో ఒక జిర్కాన్ రేణువు వయసు కొలిస్తే ఆ రేణువు పుట్టిన తేదీ వస్తుంది, అక్కడికి కొట్టుకొచ్చి చేరిన తేదీ రాదు. పాత ఫైలుని కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఫైలు తయారైన తేదీని బట్టి ఫోల్డర్ వయసు చెప్పినట్టుంటుంది. ఫోల్డర్ అంతకంటే కొత్తదని మాత్రం తెలుస్తుంది, అంతే.

కాబట్టి శిలాజాలే గడియారం. చేపలు ఏం చెప్పాయి? లెపిడోటిస్‌కీ, పారాడెపీడియంకీ దగ్గరివాళ్లు ఇంగ్లండ్, జర్మనీల తొలి జురాసిక్ రాళ్లలో ఉన్నారు. కాబట్టి కోట కూడా తొలి జురాసిక్, అంటే సుమారు 20 కోట్ల నుంచి 17.5 కోట్ల ఏళ్ల మధ్య. శతాబ్దానికి పైగా ఇదే ప్రధాన ఆధారం. నాకు ఇందులో ఒక బలహీనత కనిపిస్తుంది. అక్కడి చేపలు సముద్రపు పొరల్లోవి, ఇక్కడివి సరస్సువి. సముద్రంలో పోయిన వంశం ఒక మూల సరస్సులో ఇంకో కోటి ఏళ్లు బతికుండొచ్చు. సీలకాంత్‌ని చూశాక ఆ మాట కొట్టిపారేయలేం.

పుప్పొడి మీద పనిచేసినవాళ్లు వేరే జవాబిచ్చారు. మధ్య జురాసిక్ అని కొందరు, పై పొరలు తొలి క్రెటేషియస్ దాకా వెళ్తాయని ఇంకొందరు. తేడా చిన్నది కాదు, కోట్ల ఏళ్లు.

ఇది తేలకపోతే నష్టమేంటంటే డైనోసార్ల దగ్గరికి రావాలి. 1960, 61లలో పోచంపల్లి దగ్గర ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందం సుమారు 300 ఎముకలు తవ్వింది. కనీసం ఆరు జంతువులవి. ఎముకల మధ్యలో చెట్ల మానులు కూడా ఉన్నాయి, వరదకి అన్నీ కలిసి కొట్టుకొచ్చి ఉంటాయని ఒక వాదన. ఒక తొడ ఎముకే 1.7 మీటర్లు! బెంగాలీలో 'బడా పా' అంటే పెద్ద కాలు. 1961 టాగోర్ శతజయంతి సంవత్సరం కూడా కావడంతో 1975లో బారాపాసారస్ టాగోరి అని పేరు పెట్టారు. తర్వాత జియలాజికల్ సర్వేకి చెందిన పి. యాదగిరి యామన్‌పల్లి దగ్గర దొరికిన ఇంకో జంతువుకి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరిచ్చారు.

రెండూ సారోపాడ్లు, పొడవు మెడ, నాలుగు కాళ్ల శాకాహారులు. కోటాసారస్‌లో పాతకాలపు గుర్తులు మిగిలి ఉన్నాయి. దాని తొడ ఎముక మీద ఒక చిన్న ఉబ్బు ఉంటుంది, తర్వాతి సారోపాడ్లలో అది మాయమైంది. రాయి తొలి జురాసిక్‌దైతే ఇది ఆ మహాకాయుల కుటుంబం మొదలవుతున్న దశ, ప్రపంచంలో అలాంటి నమూనాలు తక్కువ. అదే రాయి బాగా తర్వాతిదైతే ఇది మిగతా చోట్ల పోయాక ఇక్కడ మిగిలిన పాత మోడల్. ఎముక అదే, కథ తలకిందులు.

ఇప్పుడు పైన గుర్తుపెట్టుకోమన్న తేడా తీయండి. పుప్పొడి వాదన బలంగా ఉన్నది పై పొరలకి. ఎముకలు కింద ఉన్నాయి. పై పొర కొత్తదని తేలినంత మాత్రాన కింది పొర కొత్తదైపోదు. కిందనున్న ధర్మారం పొరని ట్రయాసిక్ చివర, జురాసిక్ మొదళ్ల దగ్గర పెడతారు, కాబట్టి అటువైపు కూడా హద్దు ఉంది. నా మట్టుకు నాకు ఎముకల వరకు తొలి జురాసిక్ మాటే నిలుస్తుందనిపిస్తుంది, సున్నపురాయి చేపల విషయంలో మాత్రం అంత ధీమాగా చెప్పలేను. కోట మొత్తానికి ఒకే వయసు ఉండాలని పట్టుబట్టడమే తిరకాసుకి సగం కారణం.

కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, బారాపాసారస్‌ది కోల్‌కతాలో. రెండింటికీ పుర్రె దొరకలేదు, విడి పళ్లు తప్ప. కాబట్టి మ్యూజియంకి వెళ్తే తలతో సెల్ఫీ తర్వాత తీసుకోవచ్చు, అది ఊహించి చేసింది. ముందు తొడ ఎముక దగ్గరికి వెళ్లి ఆ ఉబ్బు కనిపిస్తుందేమో చూడండి.