మిర్రర్‌లెస్ కాలంలో కెమెరా కొలువులు

2010లో ప్రపంచమంతటా మార్కెట్‌కు వెళ్లిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు. 2024 నాటికి అవి 85 లక్షల దరిదాపుకు పడిపోయాయి. ఇలా కుంచించుకుపోయిన పరిశ్రమను నమ్ముకుని పిల్లాడు ఏం బాగుపడతాడని తల్లిదండ్రులు అడిగితే తప్పు పట్టలేం. అయితే ఫొటో ఎలా పుడుతుందో క్షుణ్నంగా తెలిసినవాళ్లకు పని తగ్గలేదు. ఆ పని దొరికే చోటు మారింది. ఎక్కడికి మారిందో గమనించకుండా కోర్సులో చేరితేనే చిక్కు.

చిన్న మిర్రర్‌లెస్ కెమెరాల చరిత్ర చూస్తే ఈ మార్పు తెలుస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య అద్దం ఉంటుంది కాబట్టి ఆ రెంటినీ దూరంగా ఉంచక తప్పదు. నికాన్ పాత ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు, అద్దం తీసేసిన జెడ్ మౌంట్‌లో 16 మాత్రమే. అందుకే కెమెరా చిన్నదైంది. 2008లో పానసోనిక్ జీ1తో ఈ దారి తెరుచుకుంది. మరుసటి ఏడాది ఒలింపస్ పెన్, 2010లో సోనీ నెక్స్, 2011లో నికాన్ 1, 2012లో కెనాన్ ఈఓఎస్ ఎం వచ్చాయి. జేబులో పట్టే మంచి కెమెరాను జనం ఎగబడి కొంటారని కంపెనీలు లెక్కేశాయి. కానీ జేబులోకి అంతకుముందే ఫోన్ వచ్చేసింది. నికాన్ 1 వరస 2018లో ఆగిపోయింది, ఈఓఎస్ ఎం 2023లో ముగిసింది. మిర్రర్‌లెస్ కెమెరాలు చేసిన శాంసంగ్ కూడా మధ్యలోనే తప్పుకుంది. 1936 నుంచి కెమెరాలు చేస్తున్న ఒలింపస్ 2020లో ఆ విభాగాన్ని ఒక పెట్టుబడి సంస్థకు అమ్ముతున్నట్టు ప్రకటించింది. మిగిలిన పెద్ద కంపెనీలు ఎక్కువగా పెద్ద సెన్సర్ ఉండే ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల వైపు మళ్లాయి. మరోవైపు 2024లో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీఐ కోసం కొనుగోలుదారులు నెలల తరబడి ఎదురుచూశారు. చిన్న కెమెరాకు మళ్లీ మంచిరోజులు వచ్చాయనడానికి ఆ ఒక్క మోడల్ గిరాకీ చాలదని నా అభిప్రాయం.

సోనీని గమనించండి. కెమెరాలు అమ్ముతుంది, ఎన్నో కంపెనీల ఫోన్లకు ఇమేజ్ సెన్సర్లూ అమ్ముతుంది. కెమెరా విద్య ఫోన్‌లోకి వెళ్లిపోయిందంటే అర్థం ఇదే. ఈసీఈ, సీఎస్‌ఈ చదివేవాళ్లు ముందుగా చూడాల్సిన చోటు కూడా ఇదే. సెన్సర్ పంపిన ముడి సంకేతాన్ని ఫొటోగా మార్చే చిప్ భాగాన్ని ఐఎస్‌పీ అంటారు. దాన్ని సరిచేసే పనికి కెమెరా ట్యూనింగ్, ఇమేజ్ క్వాలిటీ ఇంజినీరింగ్ అని పేర్లు. ఇరవై నాలుగు రంగుల గళ్లున్న చార్ట్‌ను రకరకాల దీపాల కింద తీసి, రంగు ఎంత తప్పిందో, మసక వెలుతురులో నాయిస్ ఎంత వచ్చిందో కొలుస్తారు. చామనఛాయ ముఖాన్ని పాలిపోయినట్టు చూపించే ఫోన్లు ఇప్పటికీ ఉన్నాయి. మన రంగును ఉన్నదున్నట్టు చూపించే ఇంజినీర్లు మన ఊళ్లనుంచే రావాలని గట్టిగా కోరుకుంటాను. హైదరాబాద్, బెంగళూరు చిప్, ఫోన్ సంస్థల్లో ఈ ఉద్యోగాలున్నాయి. పైథాన్, సీ++, ఓపెన్‌సీవీతో పాటు సిగ్నల్ ప్రాసెసింగ్ పునాది కావాలి. పరిశోధన వైపు మనసున్నవాళ్లకు ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లో దృశ్య సమాచారం మీద ప్రత్యేక కేంద్రమే ఉంది.

భౌతికశాస్త్రం ఇష్టమైనవాళ్లకు ఆప్టిక్స్ దారి ఉంది. మచిలీపట్నంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు తయారుచేస్తుంది. డెహ్రాడూన్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఐఆర్‌డీఈ పనంతా ఇలాంటి పరికరాల మీదే. కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత చేరగల ఐదేళ్ల ఫోటోనిక్స్ ఎమ్మెస్సీ ఉంది. మందుల కంపెనీల్లో ప్యాకింగ్ తనిఖీ చేసే కెమెరాలకూ ఈ చదువే ఆధారం.

ఇక చాలామంది కోరుకునేది కెమెరా పట్టి తీసే పని. తెలుగు రాష్ట్రాల్లో దాని ప్రధాన ఆదాయం పెళ్లిళ్లే. అప్పు చేసి ఫుల్‌ఫ్రేమ్ బాడీ కొనడంతో మొదలుపెట్టకండి. ఏడాదిపాటు మంచి ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా తిరగండి. సాధనకు అంతకన్నా చిన్న సెన్సర్ (ఏపీఎస్-సీ) ఉన్న సెకండ్‌హ్యాండ్ మిర్రర్‌లెస్, ఒక 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ సరిపోతాయి. ముహూర్తం రోజున పెద్ద కెమెరా అద్దెకు తెచ్చుకోవచ్చు. చిన్న మిర్రర్‌లెస్‌లలో ఎక్కువవాటికి కార్డు స్లాట్ ఒక్కటే ఉంటుంది. కార్డు పాడైతే జీలకర్రబెల్లం ఫొటోలు మళ్లీ రావు. అందుకే పెళ్లికి రెండు స్లాట్ల బాడీయే పట్టుకెళ్లాలి. మండపంలో ఎల్‌ఈడీ దీపాల కింద సైలెంట్ షట్టర్ పెడితే ఫొటోల్లో చారలు పడే ప్రమాదం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మెకానికల్ షట్టర్‌తో 1/100 దగ్గర తీసి చూడండి. డబ్బు పెట్టాల్సింది లెన్స్ మీద. పాత డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్‌ను అడాప్టర్‌తో మిర్రర్‌లెస్‌కు తగిలించవచ్చు, బాడీ మాత్రం నాలుగైదేళ్లకే పాతబడుతుంది.

డిగ్రీ కావాలంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఫొటోగ్రఫీ బీఎఫ్‌ఏ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. సినిమా ఛాయాగ్రహణానికి పుణె ఎఫ్‌టీఐఐ. రిపేరు విద్య చిన్నచూపు చూడదగ్గది కాదు: విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తేమకు లెన్స్‌లకు ఫంగస్ పడుతూనే ఉంటుంది, లెన్స్‌ను పాడుచేయకుండా శుభ్రం చేసేవాళ్లు తక్కువ.

ప్రైవేటు ఫొటోగ్రఫీ కోర్సుకు ఫీజు కట్టేముందు రెండు సంగతులు అడగండి: లైటింగ్ ప్రాక్టికల్స్ వారానికి ఎన్ని గంటలు, నిరుడు చేరినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు. సూటిగా చెప్పలేకపోతే ఆ డబ్బు లెన్స్‌కు పెట్టండి.