ఇస్త్రీ పెట్టొద్దు

బర్గూరు

అల్లుడికి,

నువ్వు పంపిన నోటు ఫోటో రెండు రాత్రులు చూసినాను. 1902 సిరీస్ ఐదు డాలర్లు, అమెరికా పాత అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ బొమ్మ, ఏదో పల్లెటూరి బ్యాంకు పేరు. "నూరేండ్లు దాటింది మామా, కొనేదా?" అని అడిగినావు.

వయసు చూసి కొనొద్దు నాయనా. 1863 నుంచి 1935 దాకా అమెరికాలో వేల బ్యాంకులు సర్కారు బాండ్లు కుదువపెట్టి తమ పేరుతో నోట్లు ఇచ్చినాయి. న్యూయార్కు పెద్ద బ్యాంకులవి ఎన్నో మిగిలినాయి. తొందరగా మూతపడిన చిన్న ఊరి బ్యాంకుదైతే రెండో మూడో ఉంటాయి. ధరంతా అక్కడే. నోటుమీది చార్టరు నంబరు పట్టుకొని ఆ బ్యాంకువి ఎన్ని మిగిలినాయో, వేలంలో ఎంతకు పోయినాయో చూడు. అమ్మేవాడు అడిగే రేటు లెక్కలోకి రాదు. క్యాషియరు సంతకం వెలిసిపోయి ఉంటే దానిమీద మళ్లీ ఎవరన్నా దిద్దినారేమో భూతద్దంతో చూడు.

ఇక కాగితం సంగతి. గంజి పెట్టిన గుడ్డేదో, కొత్త గుడ్డేదో మనం వేళ్లతో చెప్తాం, నోటు కాగితమూ అంతే. అంత తెలిసీ నేను తప్పు చేసినాను. మా నాయన గల్లాపెట్టె అడుగున నిజాం పది రూపాయల నోటు దొరికింది. విలువ మన తెలుగులోనూ రాసుంది. నడిమి మడత చూసి ప్రాణం ఒప్పక, నీళ్లు చిలకరించి, పలచటి పంచె కప్పి ఇస్త్రీ పెట్టినాను. మడత పోయింది, దాంతో కరకర కూడా పోయింది. బెంగళూరులో నోట్లు కొనే ఆయన దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి "నొక్కించినారే సామీ" అని, ముందు చెప్పిన దాంట్లో సగమే అన్నాడు. ఇయ్యకుండా తెచ్చుకున్నాను.

అదే నిజాం నోట్లు కొన్ని లండన్ నుంచి వస్తా, 1922 మే 20న 'ఈజిప్ట్' ఓడతో ఫ్రాన్స్ ఒడ్డుకు దూరంగా మునిగినాయి. పదేండ్ల తర్వాత ఇటలీవాళ్లు ఆ ఓడలో బంగారం తీస్తుంటే అవీ బయటికొచ్చినాయి. వాటిమీద సంతకాలు లేవు, రంగు వెలిసింది. అయినా వెతికి కొంటారు. ఆ వెలిసిన రంగు నోటుకు జరిగింది చెప్తుంది. నా ఇస్త్రీ జరిగింది దాచింది.

నువ్వు కొంటే కడగొద్దు, టేపు అంటించొద్దు, పీవీసీ కవర్లో పెట్టొద్దు. మైలార్ కవరు వాడు.

సంక్రాంతికి వస్తావు కదా, నా నోటు బీరువాలోనే ఉంది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూపిస్తాను.

మీ మామ