సుందరదాసు పాట

వాడరేవు ఒడ్డున నిలిచి చూచువారికి సముద్రపు ఆవలిగట్టు కానరాదు. హనుమంతుడు లంఘించిన సముద్రము నూరు యోజనములని వాల్మీకి చెప్పెను. ఆ లంఘనముతో మొదలై 68 సర్గలు సాగు సుందరకాండను తెలుగున పాటగా కట్టి, దానికి తానే వరుస కూర్చి, తన గొంతుతోనే పాడి రికార్డు చేసినవాడు ఎం.ఎస్. రామారావు.

ఆయన పూర్తిపేరు మోపర్తి సీతారామారావు. 1921లో మోపర్రు గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నాడు తెనాలి తాలూకాలోనిది. నేడు వాడరేవువలెనే బాపట్ల జిల్లాలో నున్నది. 1944 నాటి ‘తహసీల్దారు’ చిత్రమున పాడిన ఈయనను తెలుగున తొలి నేపథ్యగాయకుడని పేర్కొందురు.

ఆనాటి గ్రామఫోను రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఒకవైపున పట్టునది ఇంచుమించు మూడు నిమిషముల పాట. పల్లవి, రెండు మూడు చరణములు. అంతలో ముల్లు చివరి గాడికి చేరును. ఎంతటి భావమైనను ఆ గడువులో ఒదుగవలసినదే. అట్టి కొలతకు అలవాటుపడిన గాయకుడు ఒక కాండమంతటిని పాడబూనుట సాహసము కాదా?

1948లో అమెరికాలో వెలువడిన లాంగ్ ప్లే రికార్డు ఒక్కొక్కవైపు ఇరువది నిమిషములకు పైగా పట్టి, దీర్ఘరచనలకు దారి తెరచెను. ఇంగ్లండులో ‘ప్రోగ్రెసివ్ రాక్’ అను సంగీతశాఖకు చెందిన ‘యస్’ బృందమువారు 1972లో ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ అను ఒక్క రచనతో ఒకవైపంతయు నింపిరి. అందు తాళములు మారును. వాద్యములు చెలరేగి మరల శాంతించును. శ్రోతకు విసుగు కలుగకుండ వారెన్నుకొన్న ఉపాయము మార్పు.

రామారావు అందుకు విరుద్ధమైన మార్గము పట్టెను. చిన్న పాదములు, సుళువైన మాటలు, దాదాపు ఒకే వరుస, తిరిగి తిరిగి వచ్చు పల్లవి. సముద్రలంఘనమైనను, సీత శోకమైనను, లంకాదహనమైనను ఆ వరుసలోనే నడచును. కాగితముపై చూచినచో విసుగు పుట్టునేమో యనిపించును; చెవికి మాత్రము అట్లు తోచదు. హరికథలు, బుర్రకథలు రాత్రి పొద్దుపోవువరకు విని పెరిగిన ప్రజలకు వరుస మారకున్నను కథ కదలిన చాలును. భేదమంతయు గొంతులోను, మాటల విరుపులోను ఉన్నది.

క్యాసెట్టులద్వారా ఆ పాట ఇంటింటికి చేరెను. గుడి మైకులలో విని విని పుస్తకము ముట్టకయే అప్పగించువారు బయలుదేరిరి. ‘సుందరదాసు’ అని పేరొందిన రామారావు 1992లో కన్నుమూసెను.

మాట, వరుస, గొంతు మూడును తనవేయైన ఈ రచనలో తన పాలు ఎంతయో ఆయన పల్లవియందే చెప్పుకొనెను. కథను పలికినవాడు తన యెదలోని హనుమంతుడట. తాను దానిని తిరిగి పలుకుచున్నవాడట.