తల నెరిస్తేనే పెద్దనా?





తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్లలోనైనా, వికారాబాద్ ఆఫీసుల్లోనైనా ఈ రెండు మాటలు మనకు కొత్త కాదు. "ఈ కాలం పోరగాళ్ళకు ఓపిక లేదు" అని పెద్దోళ్ళంటారు. "ముసలోళ్ళకు కొత్త పని ఎక్కదు" అని చిన్నోళ్ళంటారు.

ఒక ఉదాహరణ అనుకుందాం. బండలు కోసే చోట కొత్తగా చేరిన పిల్లగాడు దుమ్ముకు మాస్క్ అడిగిండు. "సుకుమారం" అని పెద్దోళ్ళు నవ్విండ్రు. అక్కడే ఒక తాత బండను తట్టి, చప్పుడు విని, "పగులుంది, ఎత్తకండి" అన్నడు. "చాదస్తం" అని చిన్నోళ్ళు నవ్విండ్రు. దుమ్ము ఊపిరితిత్తులను తింటది. బండ విరిగితే కాలు పోతది. ఇద్దరూ చెప్పింది నిజమే. కానీ వయసును చూసినోళ్ళకు ఆ నిజం వినబడలేదు.

బుద్ధుని కాలంలోనూ ఇదే జరిగింది. లకుంటక భద్దియుడు పొట్టివాడు, కానీ అర్హతుడు. ముప్పైమంది భిక్షువులు ఆయన్ను చూసి చిన్న సామణేరుడు అనుకున్నారు. తల నెరిసినంత మాత్రాన థేరుడు కాడనీ, సత్యం, అహింస, నిగ్రహం ఉన్నవాడే థేరుడనీ బుద్ధుడు వారికి చెప్పాడు. ఈ బోధ ధమ్మపదం 260, 261 గాథల్లో ఉంది. బుద్ధుడు వయసులో చిన్నవాడని సందేహపడిన ప్రసేనజిత్తు రాజుకు కూడా, చిన్న నిప్పును చిన్నదని తీసిపారేయకూడదని ఆయన చెప్పాడు.

వయసుతో తేడాలు రావని కాదు. చూపు తగ్గుతుంది, అనుభవం పెరుగుతుంది. అందుకే సిగాలోవాద సుత్తంలో, పనివాళ్ళకు వారి శక్తిని బట్టి పని అప్పగించాలని ఉంది. శక్తి తెలియాలంటే మనిషిని అడగాలి, ఊహించుకోకూడదు.

బాబాసాహెబ్ 1917లో పెద్ద చదువు చదివి బరోడా కొలువుకు వెళ్తే, అక్కడివాళ్ళు ఆయన చదువును చూడలేదు, పుట్టుకనే చూశారు. ఉండటానికి ఇల్లు కూడా దొరకనివ్వలేదు. ఆ దెబ్బ తిన్న జాతి మనది. పుట్టుకతో మనిషిని తూచొద్దని 1956లో ధమ్మం స్వీకరించిన దారి మనది. అట్లాంటి మనమే వయసుతో తూస్తే ఎట్ల?

ఈ వారం సాధన: పనిచోట "ఈ కాలం వాళ్ళు", "ఆ కాలం వాళ్ళు" అనే మాట నోటికి వస్తే ఆగండి. ఆ మనిషిని పేరుతోనో, వరుసతోనో పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: "నీకేం కనబడుతుంది?" జవాబు పూర్తిగా వినండి. సమ్యక్ దృష్టి, సమ్యక్ వాక్కు అక్కడే మొదలవుతాయి.

భవతు సబ్బ మంగళం.